దురద తగ్గి మళ్లీ వస్తోంది, రంగు కూడా మారింది. ఇది ఫంగసేనా, ఇంకేమైనా సోకిందా?

వానచినుకు | రాత్రి 11.42

ఇక్కడ అసలు పేరు కనిపించదు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నా. నాకు 29. పెళ్లయి మూడేళ్లు. ఐదు వారాలుగా తెల్లబట్ట బాగా అవుతోంది. తెల్లబట్ట అంటున్నానే గానీ అది తెల్లగా లేదు, పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసినట్టుంది, నురగ కూడా ఉంటోంది. వాసన వస్తోంది. ఆఫీసులో పక్కవాళ్లకి తెలిసిపోతుందేమోనని కుర్చీ దూరంగా జరుపుకుని కూర్చుంటున్నా. దురద సంగతి చెప్పనే అక్కర్లేదు.

మొదట వేడి చేసిందనుకున్నా. తర్వాత మందుల షాపులో అడిగితే ఫంగస్ మాత్ర ఇచ్చారు. రెండు రోజులు హాయిగా ఉంది, మళ్లీ మొదలు. రెండోసారి మాత్రతో పాటు క్రీము కూడా వాడా. మళ్లీ అదే కథ. పోయిన వారం కలిసిన తర్వాత కొంచెం రక్తం కనిపించింది, అప్పట్నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా ఆయనకి మంట లేదు, దురద లేదు, ఏమీ లేదు. ఆయనకి లేదంటే ఇది అలాంటి జబ్బు కాదనే కదా? చూసి ఎలా గుర్తుపట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.


మందారమొగ్గ | రాత్రి 11.58

నాకూ ఇలాగే అయింది చెల్లీ, ఫంగసే. షుగర్ పరీక్ష చేయించుకో, షుగర్ ఉంటే ఇది పదే పదే వస్తుంది. మూడోసారి మాత్ర మార్చి చూడు, తగ్గుతుంది. అనవసరంగా భయపడకు.


ల్యాబు కిటికీ | ఉదయం 6.20

మందారమొగ్గ గారూ, మూడో మాత్ర వద్దండీ. షుగర్ మాట మాత్రం మంచిదే.

నేను ల్యాబులో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. వానచినుకు రాసింది చదువుతుంటే స్లైడు కళ్ల ముందు కదిలింది. అదే అని చెప్పడం లేదు, కానీ ముందు అనుమానించాల్సింది ట్రైకోమోనాస్‌ని. అది ఫంగస్ కాదు, బాక్టీరియా కాదు, కలయిక ద్వారా సోకే ఏకకణ పరాన్నజీవి. ఫంగస్ మాత్రకి అది లొంగదు. రెండు రోజులు తగ్గినట్టు అనిపించిందంటే కొంచెం ఫంగస్ కూడా తోడై ఉండొచ్చు, లేదా క్రీము చల్లదనం అయ్యుండొచ్చు.

మేం ఎలా చూస్తామంటే, స్వాబ్‌ని, అంటే దూది పుల్లతో తీసిన స్రావాన్ని, ఒక చుక్క సెలైన్‌లో కలిపి, పైన పల్చటి గాజు బిళ్ల పెట్టి, వెంటనే మైక్రోస్కోపు కింద పెడతాం. ఆ ‘వెంటనే’లోనే ఉంది అంతా. శాంపిల్ ఇంకా వెచ్చగా ఉంటే బేరికాయ ఆకారంలో చిన్న చిన్న జీవులు కుదుపుతూ, తూలుతూ తిరుగుతుంటాయి. పక్కనే చీము కణాలు, సైజు ఇంచుమించు అంతే. శాంపిల్ బల్ల మీద ఓ గంట పడి ఉందనుకోండి, ఇవి కదలడం మానేస్తాయి. కదలనప్పుడు చీము కణానికీ దీనికీ తేడా చెప్పడం మాకే కష్టం. ‘కనిపించలేదు’ అని రాసి పంపేస్తాం. ఆ కాగితం పట్టుకుని మీరు ‘హమ్మయ్య, లేదు’ అనుకుంటారు. వెట్ మౌంట్ అనే ఈ పద్ధతిలో చాలా కేసులు ఇలాగే తప్పిపోతాయి. న్యాట్ అనే జన్యు పరీక్ష దొరికితే అదే చేయించుకోండి, అదే స్వాబ్ మీద క్లమిడియా, గనేరియా అనే లైంగిక వ్యాధులు కూడా చూడొచ్చు.

ఇంకో మాట. దీన్ని 1836లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు ఇలాగే స్రావంలో చూసి మొదటిసారి వర్ణించాడు. ఇన్నేళ్లయినా చాలామందికి పేరు కూడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2020 ఒక్క ఏడాదిలోనే 15 కోట్ల 60 లక్షల కొత్త ట్రైకోమోనాస్ కేసులు. క్లమిడియా, గనేరియా, సిఫిలిస్ మూడింటి కంటే విడివిడిగా చూస్తే ఇదే ఎక్కువ.

పరీక్షకి ముందు లోపల నీళ్లతో, సబ్బుతో కడగకండి. మాకు రావాల్సింది కాలువలో పోతుంది.


రాత్రి డ్యూటీ | ఉదయం 8.05

గైనకాలజీ డాక్టర్ని. ఇక్కడ ఎవరికీ రోగ నిర్ధారణ చేయను, మందు రాయను. తెలిసింది మాత్రం చెప్తాను.

‘చూసి గుర్తుపట్టడం ఎలా’ అని అడిగారు. నిజం చెప్పాలంటే చూసి గుర్తుపట్టడంలో నేనే ఎన్నోసార్లు తప్పాను. పుస్తకంలో ఉన్నట్టు అచ్చంగా వచ్చేవాళ్లు తక్కువ. అయినా కొన్ని గుర్తులు పనికొస్తాయి.

స్రావం ఉండటమే జబ్బు కాదు. నెల మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, గుడ్డు తెల్లసొనలా జారుతూ, సాగుతూ వస్తుంది. అది ఆరోగ్యం. కొందరు ఆ నాలుగు రోజులకే కంగారుపడి మందులు మింగి, ఉన్న మంచి బాక్టీరియాని పోగొట్టుకుంటారు. మీకు మామూలుగా ఎలా ఉంటుందో అది మీకే తెలుసు, దాని నుంచి మారిందా అన్నదే ప్రశ్న.

ఫంగస్ అయితే విరిగిన పాలలా తరకలు తరకలుగా, దురద చాలా ఎక్కువ, వాసన పెద్దగా ఉండదు. పల్చగా బూడిద తెలుపు రంగులో ఉండి, కలిసిన తర్వాత చేపల వాసన మరీ ఎక్కువైతే బాక్టీరియల్ వజైనోసిస్, అంటే యోనిలో ఉండే బాక్టీరియా సమతుల్యం తప్పడం. దీన్ని లైంగిక వ్యాధుల లెక్కలో వేయరు గానీ, భాగస్వామికి కూడా వైద్యం చేస్తే తిరగబెట్టడం తగ్గిందని 2025లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పసుపు ఆకుపచ్చ, నురగ, వాసన, మంట అన్నీ కలిస్తే ట్రైకోమోనాస్ మొదటి అనుమానం. ల్యాబు కిటికీ గారితో నేను ఏకీభవిస్తున్నాను.

కానీ వానచినుకు గారూ, మీ ఉత్తరంలో నన్ను ఆపింది రంగు కాదు. కలిసిన తర్వాత రక్తం. గర్భాశయ ముఖద్వారం వాచి ఉంటే తాకగానే రక్తం వస్తుంది, క్లమిడియా, గనేరియా రెండూ ఆ పని చేస్తాయి. చిన్న కండ పెరిగినా, అరుదుగా క్యాన్సర్ తొలి దశలోనైనా ఇదే లక్షణం. అందుకే స్పెక్యులం (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి లోపల చూడాలి, స్వాబ్ తీయాలి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ పరీక్ష చేసి చాలా కాలమైతే అది కూడా. ఫోనులో ఫొటో పంపించి అడిగేది కాదు.

మీ ఆయనకి లక్షణాలు లేకపోవడం దేనికీ రుజువు కాదు. ట్రైకోమోనాస్ ఉన్న మగవాళ్లలో ఎక్కువమందికి అసలు ఏమీ తెలియదు. అందుకే మందు ఇద్దరికీ ఇస్తాం. ఒక్కరికే వేస్తే మళ్లీ మీకే వస్తుంది.

జ్వరం, పొత్తికడుపులో రెండు వైపులా నొప్పి, నడుస్తుంటే కడుపు అదిరినట్టు అనిపించడం, వాంతులు, ఇవి ఉంటే రేపటి అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆ రోజే వెళ్లండి. నెల తప్పి ఉండి కడుపు నొప్పి వచ్చినా అంతే.


నిప్పుకణిక | ఉదయం 9.31

అందరూ మర్యాదగా తిప్పి తిప్పి చెప్తున్నారు. నేను సూటిగా అడుగుతా. ఇది తేలిందంటే ఆయన ఎక్కడో తప్పు చేశాడనే కదా? లేదంటే ఆవిడే చేసిందని ఇంట్లో అంటారు. పరీక్ష చేయించుకోవడం అంటే కాపురంలో నిప్పు పెట్టుకోవడమే. నేను పెట్టుకున్నా కాబట్టి చెప్తున్నా.


రాత్రి డ్యూటీ | ఉదయం 10.12

మీ బాధ అర్థమైంది. కానీ రిపోర్టు మీద తేదీ ఉండదండీ. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చింది అన్నది ఏ స్వాబూ చెప్పదు. ట్రైకోమోనాస్ లక్షణాలు లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండగలదు. హెర్పెస్ వైరస్ అయితే పెళ్లికి ముందెప్పుడో వచ్చి పదేళ్ల తర్వాత మొదటి పొక్కు వేయొచ్చు. గొడవకి రిపోర్టుని సాక్ష్యంగా వాడితే రెండు తప్పులవుతాయి, వైద్యం ఆగుతుంది, అబద్ధమైన తీర్పు వస్తుంది.


ఒంటరి పిచుక | మధ్యాహ్నం 1.15

నేను మామూలుగా చదివి వెళ్లిపోతా. ఈరోజు రాయాలనిపించింది.

నాకు ఏ లక్షణమూ లేదు. రంగు లేదు, వాసన లేదు, దురద లేదు. రెండేళ్లు పిల్లల కోసం చూసి, చివరికి ట్యూబుల్లో డై ఎక్కించి ఎక్స్‌రే తీశారు. బల్ల మీద పడుకుని స్క్రీన్ వైపు తల తిప్పి చూశా. డై గర్భాశయంలో తెల్లగా నిండింది, రెండు మూలల దగ్గరా ఆగిపోయింది. అంతకు మించి ఒక్క గీత కూడా ముందుకి కదల్లేదు. తర్వాత చేసిన పరీక్షల్లో ఎప్పటిదో క్లమిడియా అని తేలింది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి తవ్వుకుంటే గుర్తొస్తోంది. పెళ్లికి ముందు ఒక ఏడాది, పీరియడ్స్ మధ్యలో రెండు మూడు నెలలు చుక్క చుక్క రక్తం కనిపించింది. ఒక వారం పొత్తికడుపు లాగినట్టు ఉంది. నెలసరి తేడా అనుకుని ఒక క్యాలెండర్ యాప్ పెట్టుకున్నా, అంతే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లక్షణం కోసం ఎదురు చూసేవాళ్లకి ఇది చెబుదామని.


నిప్పుకణిక | మధ్యాహ్నం 1.40

అక్కా, క్షమించండి. పొద్దున కోపంలో రాశాను.


గళ్ల నోటుబుక్కు | మధ్యాహ్నం 2.50

నా ప్రశ్న వేరే. కింద షేవింగ్ చేసిన రెండు రోజులకి ఎర్రగా పొక్కులు వచ్చాయి. గూగుల్ చేస్తే హెర్పెస్ అని వస్తోంది. ఎలా తెలుస్తుంది?


ల్యాబు కిటికీ | మధ్యాహ్నం 3.05

షేవింగ్ పొక్కు మధ్యలో సాధారణంగా వెంట్రుక ఉంటుంది, ఒక్కొక్కటి విడిగా ఉంటుంది. హెర్పెస్ అయితే నీటి బుడగల్లా గుంపుగా వస్తాయి, పగిలి పచ్చిపుళ్లవుతాయి, మూత్రం తగిలితే ప్రాణం పోయినట్టు మంట. మొదటిసారి అయితే జ్వరం, గజ్జల్లో బిళ్లలు కూడా కట్టొచ్చు. సోకిన రెండు రోజుల నుంచి 12 రోజుల లోపు సాధారణంగా బయటపడుతుంది. పొక్కు పచ్చిగా ఉండగానే వెళ్లి స్వాబ్ ఇవ్వండి. ఎండిపోయాక వస్తే మాకు వైరస్ దొరకదు.


పొగడపూలు | మధ్యాహ్నం 3.44

పుళ్ల మాట వచ్చింది కాబట్టి, నొప్పి లేని పుండు గురించి కూడా రాయనివ్వండి. నొప్పి ఉంటే ఎవరైనా వెళ్తారు, లేకపోతే వెళ్లరు, సిఫిలిస్ బతికేది అక్కడే. పెద్దవాళ్లు సవాయి అనేవారట.

నాకు పుండు వచ్చిందో లేదో కూడా తెలియదు. లోపల వచ్చి ఉంటుంది, ఆడవాళ్లకి అదే కదా చిక్కు, అద్దం పెట్టుకున్నా కనిపించదు. సోకిన మూడు వారాలకి అటూ ఇటుగా వచ్చి, ఏ మందూ వేయకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుందట. తర్వాత నా అరచేతుల్లో రాగి రంగు మచ్చలొచ్చాయి. దురద లేదు. బట్టల సబ్బు పడలేదన్నారు. గ్లవుజులు కొన్నాను, సబ్బు మార్చాను, నెల రోజులు అలర్జీ మాత్రలు మింగాను. జుట్టు అక్కడక్కడా ఊడింది, అది టెన్షన్ అన్నారు. చివరికి ఒక చర్మ డాక్టర్ గారు చేతులు చూసి, ‘చెప్పులు విప్పండమ్మా’ అన్నారు. అరికాళ్లలోనూ అవే మచ్చలు. ఆయన ఇంకేమీ అడక్కుండా రక్త పరీక్ష రాశారు.

పెనిసిలిన్ ఇంజెక్షన్ వేశారు. ఆ రాత్రి వణుకుతో జ్వరం వచ్చి, మందు పడలేదేమోనని హడలిపోయా. క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు కొందరికి అలా వస్తుందట, మర్నాటికి పోయింది.

ఇంకా ఒక తలనొప్పి ఉంది. నాకు నయమైంది, కానీ టీపీహెచ్ఏ అనే సిఫిలిస్ రక్త పరీక్ష ఇప్పటికీ పాజిటివే వస్తుంది, చాలామందికి జీవితాంతం అలాగే ఉంటుందట. ఎక్కడ పరీక్షకి రక్తం ఇచ్చినా వాళ్ల ముఖం మారుతుంది. వైద్యం పనిచేసిందా లేదా చూడాలంటే వీడీఆర్ఎల్ అనే ఇంకో రక్త పరీక్షలో అంకె తగ్గిందా అని చూడాలి. ఈ మాట నాకు మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే రెండోసారి ఇంజెక్షన్ల కోసం పరిగెత్తేదాన్ని కాదు.


రెండు గ్లాసుల నీళ్లు | సాయంత్రం 5.10

మూత్రంలో మంట వస్తే అది యూరిన్ ఇన్ఫెక్షనే కదా? నాకు మూడుసార్లు కల్చర్, అంటే మూత్రంలో బాక్టీరియా పెరుగుతుందా అని చూసే పరీక్ష, చేస్తే ఏమీ పెరగలేదన్నారు. చీము కణాలు మాత్రం ఉన్నాయట. నీళ్లు తాగమన్నారు, తాగుతూనే ఉన్నా.


రాత్రి డ్యూటీ | సాయంత్రం 6.35

చీము కణాలున్నాయి, కల్చర్‌లో ఏమీ రాలేదు, అది కూడా మూడుసార్లు. ఇలాంటప్పుడు నీళ్లతో సరిపెట్టకూడదు. మామూలు కల్చర్‌లో క్లమిడియా పెరగదు, గనేరియా కూడా ఆ పళ్లెంలో పెరగదు. మూత్రనాళానికి అవి సోకితే మంట అచ్చం యూరిన్ ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. న్యాట్ అడగండి. ఆడవాళ్లకి మూత్రం కంటే యోని స్వాబ్ మెరుగు, కావాలంటే మీరే గదిలోకి వెళ్లి తీసి ఇవ్వొచ్చు, డాక్టర్ తీసినదానికి అదేమీ తీసిపోదు.


జంటగువ్వ | రాత్రి 8.02

నా భాగస్వామి కూడా అమ్మాయే. మాకు ఇవేవీ రావని ఒక డాక్టరే నాతో అన్నారు. నిజమా?


రాత్రి డ్యూటీ | రాత్రి 8.20

నిజం కాదు. స్రావం ఒకరి నుంచి ఒకరికి అంటితే ట్రైకోమోనాస్ వస్తుంది. హెర్పెస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) చర్మం చర్మం తగిలినా వస్తాయి. పాప్ స్మియర్ మీకూ అవసరమే. ఆ డాక్టర్ చెప్పారని మానేయకండి.


బెల్లంతీపి | రాత్రి 8.47

ఈ మాత్ర 2 గ్రాములు ఒకేసారి, ఆ మాత్ర రోజుకి రెండు...

[ఈ వ్యాఖ్యలో మిగతా భాగాన్ని నిర్వాహకులు తొలగించారు]


నిర్వాహకురాలు | రాత్రి 8.55

మందుల మోతాదులు ఇక్కడ రాయొద్దని నాలుగోసారి చెప్తున్నా. ఈ చర్చ చదివేవాళ్లలో గర్భిణులు ఉంటారు, పాలిచ్చే తల్లులు ఉంటారు. గర్భంతో ఉంటే క్లమిడియాకి ఇచ్చే మందే మారిపోతుంది. దయచేసి మళ్లీ వద్దు.


మందారమొగ్గ | రాత్రి 9.14

నేను నిన్న అంత ధీమాగా ఫంగసే అని రాశాను. ఇవన్నీ చదివాక సిగ్గేసింది. నాకు వచ్చింది కూడా ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు, ఒకసారి తగ్గింది కాబట్టి అదే అనుకున్నా. ఒక్క ప్రశ్న. అనుమానం రాగానే మర్నాడే పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుందా?


ల్యాబు కిటికీ | రాత్రి 9.40

లక్షణం ఉంటే ఆ రోజే వెళ్లండి. లక్షణం లేక, ‘ఫలానా రోజు ఏమైనా అంటిందేమో’ అనే భయం ఉంటే మాత్రం మర్నాటి పరీక్షని నమ్మొద్దు. క్లమిడియా, గనేరియాకి రెండు వారాలు ఆగాలి. హెచ్ఐవీకి ల్యాబులో చేసే నాలుగో తరం రక్త పరీక్ష 45 రోజులకి గట్టిగా చెప్తుంది. సిఫిలిస్‌కి మూడు నెలల దగ్గర ఇంకోసారి చూస్తాం. హెచ్ఐవీ భయం నిజంగా ఉంటే పరీక్ష కోసం ఆగకుండా 72 గంటల లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, 28 రోజుల నివారణ మందులు అప్పుడే మొదలుపెట్టాలి.


వానచినుకు | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 10.26

అందరికీ దండాలు. వెళ్లాను.

మొదటి రోజు క్లినిక్ మెట్ల దాకా వెళ్లి తిరిగి వచ్చేశా. రెండో రోజు వెళ్లాను. లోపల డాక్టర్ గారు కొత్త భాగస్వాములున్నారా, కండోమ్ వాడుతున్నారా అని వంట గురించి అడిగినంత మామూలుగా అడిగారు. ఆ మామూలుతనానికే సగం భయం పోయింది. స్పెక్యులం చల్లగా ఉంటుందని ముందే చెప్పారు. గర్భాశయ ముఖద్వారం మీద ఎర్రటి చుక్కలున్నాయన్నారు, పాప్ స్మియర్ కూడా తీశారు.

ట్రైకోమోనాస్ పాజిటివ్. క్లమిడియా, గనేరియా, హెచ్ఐవీ, సిఫిలిస్ అన్నీ నెగటివ్. పాప్ రిపోర్టు ఇంకా రావాలి.

మా ఆయనకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. రాత్రి డ్యూటీ గారు రాసిన ‘రిపోర్టు మీద తేదీ ఉండదు’ అన్న మాట ఆయనకి ఫోనులో చూపించా. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఎన్ని రోజులు వేసుకోవాలి’ అన్నాడు. నాకు ఏడు రోజులు, ఆయనకి ఒకేసారి. ఇద్దరిదీ పూర్తయ్యి లక్షణాలు పోయేదాకా దూరంగా ఉండమన్నారు, మూడు నెలలకి నన్ను మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. మిగతా మాటలు మా మధ్య ఇంకా ఉన్నాయి, అవి ఇక్కడ రాయను.

ఈరోజు మూడో రోజు. దురద చాలా తగ్గింది. ఒక్కటే అనుమానం. ఏం తిన్నా నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంది. ఇది కూడా ఏదైనా లక్షణమా?


ల్యాబు కిటికీ | రాత్రి 10.31

దొరికిందన్నమాట! ఆ స్లైడు చూసినవాళ్లెవరో గానీ వెంటనే చూశారు.


రాత్రి డ్యూటీ | రాత్రి 11.03

ఆ రుచి మందుదేనమ్మా. అయిపోగానే పోతుంది. తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి, ఏడో రోజు రాత్రి మాత్ర కూడా వేసుకోండి. పాప్ రిపోర్టు ఎప్పుడిస్తామన్నారు?


వానచినుకు | రాత్రి 11.09

గురువారం.